పన్నెండు బైట్ల మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు సత్తిబాబు ఫోన్‌లో వచ్చింది. పోయారని అప్పటికి అతనికీ తెలియదు. పొద్దున్న ఆరున్నర దాటాక ఫోన్ చేసి, "మాస్టారు ఫోనెత్తట్లేదండి. నాలుగుసార్లు చేశాను. మీరొకసారి ఇంటికెళ్ళి చూస్తారా?" అన్నాడు.

సత్తిబాబు గోదావరి మీద చేపలు పట్టుకుని బతికే మనిషి. పట్టిసీమకి ఇవతల ఒక చిన్న రేవులో ఉంటాడు. దాదాపు రెండేళ్ళుగా రోజూ ఆరున్నరకి రేవు మెట్లు దిగి, అక్కడి స్తంభం మీద నీళ్ళు ఏ అంకె దాకా ఉన్నాయో చూసి, మాస్టారికి ఫోన్‌లో చెప్పేవాడు. మాస్టారు తన కంప్యూటర్‌లో కనబడుతున్న అంకె చెప్పేవారు. రెండూ కలిస్తే "సరే నాయనా" అని పెట్టేసేవారు. ఇన్నాళ్ళలో ఆయన ఎప్పుడూ రెండో రింగు దాకా ఆగలేదట. అందుకే సత్తిబాబుకి కంగారు పుట్టింది.

స్కూటీ తీసుకుని వెళ్ళాను. మాస్టారు వరండాలో పేముకుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. ఒళ్ళో ఫోన్ ఉంది. అమ్మగారు ఆయన పాదాల దగ్గర నేల మీద కూర్చున్నారు. "కాఫీ తాగారమ్మా. గ్లాసు కూడా ఆయనే కింద పెట్టారు. ఫోన్ మోగుతుంటే, ఎత్తుతారులే అని వంటింట్లోనే ఉన్నాను" అన్నారు. ఆ మాట వచ్చినవాళ్ళందరికీ అలాగే చెప్పారు, ఒక్క అక్షరం మారకుండా.

మూడు వారాలైంది. ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి రెండుసార్లు లేచాను. ఒకసారి నీళ్ళు తాగడానికి, ఒకసారి ఎందుకో నాకే తెలియదు. ఈ కుదురులేనితనం ఆయన దగ్గరే అంటుకుంది. పాలిటెక్నిక్‌లో ఆయన మాకు ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. మూడేళ్ళు నేను ఆయన క్లాసులో కూర్చున్నాను గానీ ఆయన మాత్రం ఒక్కరోజు కూర్చోలేదు. కిటికీ దగ్గర మొదలుపెట్టిన వాక్యం తలుపు దగ్గర పూర్తయ్యేది. వెనక బెంచీవాళ్ళకి సగం పాఠం, ముందు బెంచీవాళ్ళకి సగం పాఠం అందేవి. సుద్దముక్క చొక్కా జేబులో వేసుకుని ఇంటికెళ్ళిపోయేవారు. వాళ్ళింటి దండెం మీద ఆరేసిన చొక్కాలన్నిటికీ జేబు దగ్గర తెల్లటి మరక ఉండేది.

రిటైరయ్యాక ఆయన ఈడు వాళ్ళు పొద్దున్నే గోదావరి గట్టు మీద నడకలకి వెళ్ళారు. ఈయన ఒక కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి, రాజమండ్రిలోనే మా నాన్నగారి పప్పుల షాపు మేడ మీద కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పని చేస్తున్నాను. మధ్యాహ్నం వేళ షాపు మెట్ల దగ్గర నిలబడి "ఏమ్మా, ఖాళీయేనా?" అని పిలిచేవారు. ఖాళీ లేదన్నా ఆయనకి వినబడేది కాదు.

ఆయన పని ఏంటో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నది పొడవునా ఆరు రేవుల్లో ఆరు పెట్టెలు పెట్టించారు. పాత శిష్యులం తలా ఒక చెయ్యి వేశాం. ఒక్కో పెట్టె స్తంభానికి వేలాడుతూ నీటిమట్టం కొలిచి రేడియోలో పంపుతుంది. నీళ్ళు పన్నెండు అడుగులు దాటితే ఆ రేవులో పడవలున్న వాళ్ళందరి ఫోన్లకీ మెసేజ్ వెళుతుంది. పెట్టెలో ఉన్నది చిన్న బ్యాటరీ. అది పెద్ద పెద్ద మాటలు పంపలేదు. అందుకని ఏ పెట్టె, ఏ వేళ, నీళ్ళెంత, బ్యాటరీ ఎంత మిగిలింది, అన్నీ కుదించి పన్నెండు బైట్లలో పంపాలి. ఇవతల వాటిని మళ్ళీ విప్పి చదువుకోవాలి. ఆ పన్నెండు బైట్లు ఉత్త అంకెలు. విప్పేవాడు పొరపాటు పడితే నీటిమట్టం కాస్తా బ్యాటరీ అయి కూర్చుంటుంది.

మామూలుగా మేమందరం కుదించడానికి ఒక ప్రోగ్రాం, విప్పడానికి ఇంకో ప్రోగ్రాం రాస్తాం. ఒకరోజు ఒకటి మార్చి రెండోదాన్ని మర్చిపోతాం. ఈ అలవాటంటే మాస్టారికి ఒళ్ళు మంట. ఆయన రాసిన లైబ్రరీ పేరు 'మూస'. అందులో ఆ పన్నెండు బైట్ల ఆకారం ఒక్కసారే రాస్తే చాలు. కుదించడం, విప్పడం రెండూ ఆ ఒక్క మూసలోంచే వస్తాయి. "వెళ్ళింది వెళ్ళినట్టు తిరిగి రావాలి. అప్పుడే అది రాతమ్మా" అనేవారు.

ఒకసారి ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చి, నా ముందు ప్లేటులో పెట్టి, "విరక్కుండా విప్పు చూద్దాం" అన్నారు. నేను గోటితో మెల్లగా పొర లేపాను. అది పొడి పొడై ఒళ్ళో రాలింది. ఇంకోటి తీశాను, అదీ అంతే. ఆయన పకపకా నవ్వి, "మీరు రాసే ప్రోగ్రాములన్నీ ఇవే తల్లీ. మడత పెట్టడమే గానీ విప్పడం ఉండదు. తినెయ్" అన్నారు. అమ్మగారు వచ్చి తివాచీ మీద పడిన పంచదార చూసి ఇద్దర్నీ కలిపి తిట్టారు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. మూసలో ప్రతి అంకెకీ ఒక రకం ఉండి తీరాలి. అడుగులు ఒక రకం, సెంటీమీటర్లు ఒక రకం. ఒకదాని చోట ఇంకోటి పెడితే ప్రోగ్రాం అసలు తయారే కాదు. ఎర్ర అక్షరాలతో మొండికేస్తుంది. నాకు విసుగొచ్చి, "ఉన్నది ఒక్క అంకె, దీనికింత రాద్ధాంతం ఏంటండీ?" అన్నాను. ఆయన కిందికి, మా షాపులోకి చూపించారు. "మీ నాన్నగారు డబ్బాలన్నిటికీ చీటీలు ఎందుకు అంటించారు? సోలతో కొలిచింది, కేజీల్లో తూచింది ఒకటేనా? షాపులో పుట్టినదానివి, నువ్వా అడగడం?" అన్నారు. నాన్నగారు గల్లాపెట్టె దగ్గర్నుంచే "అలా పెట్టండి గడ్డి" అన్నారు.

అయితే ఆయన అంతటివారూ మూసలో ఒక దొడ్డితలుపు ఉంచారు. ఒక్కోసారి కొత్త పెట్టె వస్తుంది, దాని కాగితాల్లో కొలత ఏమిటో రాసి ఉండదు. అప్పుడా అంకె 'తెలియని కొలత' అనే రకంలో పడుతుంది. మెసేజ్‌లు పంపే భాగం దాన్ని ముట్టుకోదు. రేవుకి వెళ్ళి, స్తంభం మీద అంకె కళ్ళతో చూసి, పెట్టె చెప్పే అంకెతో పోల్చి, ఇది ఫలానా కొలత అని తేల్చుకున్నాక వాడుకోవడానికి ఒక ఫంక్షన్ ఉంది. దానికి ఆయన తెలుగులోనే పేరు పెట్టారు, 'నేను చూశాను' అని. పేరు చూసి మా కంపెనీలో వాళ్ళు నవ్వారు. మాస్టారికి చెబితే, "నవ్వనీ. ఆ మాట టైప్ చేసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నాకది చాలు" అన్నారు.

నా చెయ్యి ఆగలేదు.

రెండేళ్ళ కిందటి శ్రావణమాసం. సత్తిబాబు వాళ్ళ రేవులో పెట్టె వానకి పాడైంది. కొత్తది తెప్పించాం. మాస్టారికి అదే వారం కంటి ఆపరేషన్ అయి, నల్లద్దాలతో పడుకుని ఉన్నారు. స్క్రీన్ వైపు చూడొద్దన్నారు డాక్టరు. అంచేత పని నా మీద పడింది. పెట్టె బిగించింది సత్తిబాబే. నేను ఫోన్‌లో చెబుతుంటే నిచ్చెన వేసుకుని స్తంభానికి కట్టాడు. అంకెలు రావడం మొదలైంది. కొలత మాత్రం కాగితంలో లేదు. ప్రోగ్రాం ఎర్రగా మొండికేసింది. నాకు నాలుగింటికి కంపెనీ మీటింగ్ ఉంది. పాత పెట్టెలన్నీ అడుగులే కదా, ఇదీ అడుగులే అయ్యుంటుంది అనుకుని, 'నేను చూశాను' అని కొట్టేశాను. ఎర్ర అక్షరాలు పోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. "రేవుకెళ్ళి చూశావా అమ్మా?"

"చూశానండి" అన్నాను.

ఆ పెట్టె సెంటీమీటర్లలో పంపుతోంది. నా ప్రోగ్రాం దాన్ని పాత పెట్టెల లెక్కన అడుగులో నూరోవంతు అని చదువుతోంది. మర్నాడు మధ్యాహ్నం రేవులో నీళ్ళు పదమూడు అడుగులు దాటి పద్నాలుగు మీదికొచ్చాయి. నా ప్రోగ్రాం నాలుగు అడుగులు అనుకుంటూ కూర్చుంది. మెసేజ్ వెళ్ళలేదు. మెసేజ్ రాలేదు కదా అన్న ధీమాతో సత్తిబాబు పడవని కింది మెట్టుకే కట్టి, చేపలు పట్టుకుని రాజమండ్రి మార్కెట్‌కి వచ్చాడు. తిరిగి వెళ్ళేసరికి మెట్లు కనబడటం లేదు. ఊళ్ళోవాళ్ళకి ఎవరి పడవలు వాళ్ళు లాక్కోవడంతోనే సరిపోయింది. ఇతను పడవ కోసం నీళ్ళలోకి దూకాడు. తాడు చేతికి చుట్టుకుని లాగేసి కుడి భుజం గూడు తప్పింది. మనిషిని పైకి లాగారు. పడవ పోయింది. ఇసుక తిన్నె మీద ఆరేసిన వలలూ పోయాయి. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు.

జరిగింది మాస్టారికి చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. నల్లద్దాలు సరిచేసుకుని, "పద" అన్నారు. బస్సులో వెళ్ళాం. సత్తిబాబు చెయ్యి మెడకి కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. మాస్టారు నిలబడే ఉండి, "ప్రోగ్రాం నాది నాయనా. తప్పు నాది" అన్నారు.

సత్తిబాబు ఊరుకోలేదు. "మీ పెట్టెల్ని నమ్ముకున్నాను చూడండి, నాది బుద్ధితక్కువ. చదువుకున్నోళ్ళు, మీకేం పోద్దండి? నా పడవ పోయింది, నా చెయ్యి పోయింది. కళ్ళు కనబడనాయన మీరు మాకు నీళ్ళు చూసిపెట్టేదేంటండి?" అన్నాడు. ఇంకా చాలా అన్నాడు. మాస్టారు తల వంచుకుని విన్నారు. నేను ఆయన పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరలో నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

బస్టాండ్‌లో ఆయన మీదే విరుచుకుపడ్డాను. "ఎందుకలా చెప్పారు? తప్పు నాదని మీకు తెలుసుగా!" అన్నాను. ఆయన నెమ్మదిగా, "ఆ దొడ్డితలుపు పెట్టింది నేనే కదమ్మా. నా వంతు నేను చెప్పాను. నీ వంతు నీ దగ్గరే ఉంది" అన్నారు. నెల్లాళ్ళు ఆయన ఇంటి ఛాయలకి వెళ్ళలేదు. తప్పు చేసింది నేను, అలిగిందీ నేనే.

మళ్ళీ వెళ్ళేసరికి ఆయన మూసలో ఆ దొడ్డితలుపుని తీసెయ్యలేదు గానీ దాన్ని మార్చారు. ఉత్తినే 'నేను చూశాను' అంటే మూస ఇప్పుడు ఒప్పుకోదు. 'చూపు' అనే కొత్త రకం వచ్చింది. అందులో ఎవరు చూశారో పేరు, ఎప్పుడు చూశారో వేళ, స్తంభం మీద ఎంత కనబడిందో అంకె ఉండాలి. ఆ అంకె పెట్టె చెప్పేదానికి దగ్గరగా లేకపోతే ప్రోగ్రాం కదలదు. మూడు రోజులు ఏ మనిషి చూపూ అందకపోతే ఆ పెట్టె మాట నమ్మడం మానేస్తుంది. "ఇక మీదట అబద్ధమాడాలంటే ఒక మనిషి పేరు పెట్టి ఆడాలి. అది కాస్త కష్టం" అన్నారు, నా వైపు చూడకుండా.

ఆ రేవుకి చూపు ఎవరిదో తెలుసా? సత్తిబాబుది. మాస్టారు మళ్ళీ వెళ్ళి అడిగారట. మా పెట్టెని నమ్మొద్దు, రోజూ నువ్వే దాన్ని పరీక్ష పెట్టు అన్నారట. మొదట్లో అతను అంకె చెప్పి ఠపీమని పెట్టేసేవాడు. కొన్నాళ్ళకి "కాఫీ అయిందాండి?" దాకా వచ్చింది. తర్వాత ఆ పూట ఏం చేప పడిందో కూడా చెప్పేవాడు. ఊళ్ళోవాళ్ళు తలా కాస్తా వేసుకుని ఒక పాత పడవ బాగుచేయించి ఇచ్చారు. మాస్టారి మీద కోపం పోయింది. నా మీద కోపం రానేలేదు, రావాలని అతనికి తెలియదు కదా. నేను ఫోన్ చేసినప్పుడల్లా "బాగున్నారాండి?" అని పలకరించేవాడు. ఆ పలకరింపు విన్న ప్రతిసారీ నాకు కూర్చున్నచోట ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. చెబుదామనే అనుకునేదాన్ని. ఈ వారం, వచ్చే వారం అంటూ రెండేళ్ళు గడిపాను.

మాస్టారు పోయిన మర్నాడు సత్తిబాబు ఫోన్ చేశాడు. "ఇక మీదట అంకె మీకు చెప్పమంటారా?" అన్నాడు. రేపు చెప్తాను అన్నాను. ఆ రేపు కూడా అదే అన్నాను. గోదావరికి వరద ఎర్రనీరు వచ్చేసింది. మూడో రోజు సాయంత్రం మూస నా ఫోన్‌కి ఒక మెసేజ్ పంపింది. చూపు లేదు, ఈ రేవుకి హెచ్చరికలు ఆపేస్తున్నాను అని. మాస్టారు రాసిన వాక్యమే అది, ఆయన గొంతు వినబడినట్టే అయింది. ఇక పొద్దున్నే సత్తిబాబు ఫోన్ ఎత్తాల్సింది నేనే, ఇంకెవరూ లేరు. కానీ 'చూశాను' అని ఒకసారి అబద్ధమాడిన నేను, ఆ అబద్ధానికి చెయ్యి పోగొట్టుకున్న మనిషి రోజూ పొద్దున్నే చెప్పే అంకె ఏ మొహంతో రాసుకోను?

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను. సత్తిబాబు మెట్ల పైన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, "మాస్టారి ఇంటిదగ్గర అమ్మగారు ఎలా ఉన్నారండి?" అన్నాడు. ఆ మాటకి జవాబు కూడా చెప్పకుండా మొత్తం చెప్పేశాను. పెట్టె మార్చిన రోజు, కొలత తెలియకపోవడం, నాలుగింటి మీటింగ్, మాస్టారు అడిగితే చూశానండి అన్నది, అన్నీ.

అతని చేతిలో దారం ఆగిపోయింది. "అంటే ఆ రోజు నేను ఆయన్ని అన్ని మాటలంటుంటే..."

"పక్కనే ఉన్నానండి."

"మీరేం అనలేదు."

"అనలేదు."

కోపం కేకలుగా వస్తుందనుకున్నాను. రాలేదు. "ఆ రోజు నిచ్చెన మీదే ఉన్నాను కదండి. ఫోన్ చెవి దగ్గరే ఉంది. అంకె నా మోకాలి కిందే ఉంది. నన్నొక్క మాట అడిగుంటే చెప్పేవోణ్ణి" అన్నాడు.



వల పక్కన పడేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇక నాతో మాట్లాడడు, తిరిగి బస్సు ఎక్కడమే అనుకున్నాను. కింద నుంచి కేక వేశాడు. "అక్కడే నిలబడ్డారేంటండి? దిగండి."

చెప్పులు వదిలి దిగాను. ఎర్రటి నీళ్ళు పాదాల మీదికి వచ్చాయి. "మీ ఫోన్‌లో ఎంత ఉంది?" అన్నాడు. ఎనిమిది పాయింట్ ఆరు అన్నాను. స్తంభం మీద ఎంతుందని అడగబోయాను. అతను ముందే తల అడ్డంగా ఊపాడు. "నన్నడక్కండి. మీరు చూడండి."

వంగి చూశాను. ఎనిమిది అంకె రంగు సగం వెలిసిపోయింది. దాని పైన చిన్న చిన్న గీతలు. అల వచ్చి కప్పేస్తోంది, మళ్ళీ దిగుతోంది. ఒకసారి ఎనిమిదిన్నరలా ఉంది, ఒకసారి తొమ్మిదిలా ఉంది. కంగారుగా ఒకటి చెప్పి, కాదు కాదంటూ ఇంకోటి చెప్పాను.

"కంగారెందుకండి? అల దిగి, ఇంకో అల రాకముందు చూడాలి. మాస్టారు కూడా మొదటిసారి ఇలాగే తికమకపడ్డారు" అంటూ, లేచే ఎడమ చేత్తో స్తంభాన్ని చూపించాడు.

ఆగాను. ఒక అల పోయింది. ఆరో గీత దగ్గర నీళ్ళు ఒక్క క్షణం నిలిచాయి. పైకి చదివాను. ఫోన్‌లో 'ఎవరు చూశారు' అన్నచోట నా పేరు రాసి పంపాను.

"రేపు ఆరున్నరకి చేస్తాను. రెండో రింగు దాకా నేను ఆగనండి" అన్నాడు.

ఇంకో అల వచ్చి అంకెని కప్పేసింది. ఇద్దరం అక్కడే నిలబడి, అది దిగేదాకా చూశాం.